వాద్యశిల్పి చేతిలో చిన్న చిత్రిక

రేడియోలో వాయులీనం వింటూ కూర్చున్నప్పుడు మన మనస్సు రాగం మీద ఉంటుంది, లేదా విద్వాంసుని కమాను మీద ఉంటుంది. ఆ నాదం వెలువడే చెక్క ఎంత పలుచనిదో తలచుకునేవారు అరుదు. వాయులీనపు మీదిపలక మందం సాధారణంగా 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు. వెనుకపలక నడిబొడ్డున 4 మిల్లీమీటర్లకు కొంచెం పైన ఉండి, అంచులవైపు పోయినకొద్దీ పలుచబడుతుంది. పైకి చూస్తే ఉబ్బెత్తుగా, లోపల చూస్తే పళ్ళెం వలె పల్లంగా ఉండే ఈ పలకను రంపం ఇవ్వలేదు, ఉలి ఒక్కటే ఇవ్వలేదు. దీనిని సాధించిపెట్టే పనిముట్టు మరొకటి ఉన్నది. అది చూడటానికి పిల్లల ఆటవస్తువు వలె ఉంటుంది. దానిని గురించి, దానిని పట్టిన చేతులను గురించి నాలుగు మాటలు చెప్పాలని మా సంకల్పం.

చిత్రిక పట్టడమంటే మన ఊళ్ళలో తెలియనివారు లేరు. కొత్త ఇల్లు కడుతున్నచోట వడ్రంగి కాళ్ళచుట్టూ చుట్టలు చుట్టలుగా పడివుండే తెల్లని చెక్కపొరలను ఏరుకొని ఆడుకోని బాల్యం ఉండదు. ఆ పనిముట్టును తోపడ అనీ, రందా అనీ, చిత్రిక అనీ ఒక్కొక్కచోట ఒక్కొక్క పేరుతో పిలుస్తారు. మేము ఇక్కడ చిత్రిక అన్న మాటనే వాడుతాము. తలుపు చెక్కను సరిచేసే చిత్రిక జానెడుకు మించి ఉంటుంది. రెండు చేతులతో తోయాలి. వాద్యశిల్పి చిత్రిక బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఇమిడిపోతుంది. ఇది ఇంత చిన్నది ఎందుకైనది? దీనితో వాద్యం చేసే హక్కు ఎవరిది? మొదటి ప్రశ్నకు చెక్క సమాధానం చెబుతుంది. రెండవ ప్రశ్న ఒకప్పుడు జర్మనీలో అధికారుల ఎదుటికి పోయి, ఒక మనిషిని సముద్రం దాటించినది.

చిత్రిక పురాతనమైనదే గాని, ఉలి అంత, బాడిస అంత పురాతనమైనది కాదు. ఈజిప్టు వడ్రంగులు బాడిసతో చెక్కి, ఇసుకరాతితో రుద్ది నునుపు తెచ్చేవారు. మనకు చేతికందిన పాత చిత్రికలు రోమనుల కాలానివి. 79వ సంవత్సరంలో వెసూవియస్ అగ్నిపర్వతం కప్పివేసిన పాంపేయీ నగరంలోను, ఇంగ్లండులోని సిల్చెస్టరులోను, జర్మనీలోని సాల్‌బర్గ్ కోటలోను అవి దొరికినవి. ఇనుప అడుగు, దానిపైన చెక్క ఒడలు, ఏటవాలుగా ఉలి, ఆ ఉలిని కదలకుండా నొక్కిపట్టే చెక్కముక్క: ఇంతే దాని నిర్మాణం. 2000 సంవత్సరంలో యార్క్‌షైరులోని గుడ్‌మన్‌హమ్ వద్ద బయటపడిన రోమను చిత్రికకు ఒడలు ఏనుగు దంతంతో చేసినది. ఏ శ్రీమంతుని ఇంటి పనికి దానిని చేయించినారో గాని, వడ్రంగి తన పనిముట్టును ఆభరణంగా చూసుకోవడం నేటి మాట కాదని తెలుస్తున్నది. జర్మను చిత్రకారుడు ఆల్‌బ్రెఖ్ట్ డ్యూరర్ 1514లో చెక్కిన ‘మెలెన్‌కోలియా’ అనే ప్రసిద్ధ చిత్రంలో, చింతాక్రాంతయై కూర్చున్న రెక్కల స్త్రీమూర్తి పాదాల దగ్గర రంపంతోపాటు ఒక చిత్రిక కూడా పడివున్నది. ఆనాటికి దాని రూపం దాదాపు నేటి చెక్క చిత్రిక రూపమే.

ఉలికీ చిత్రికకూ ఉన్న భేదం ఒక్కటి గ్రహిస్తే తక్కినదంతా సులభం. ఉలి చేతి వాటాన్ని బట్టి పోతుంది. చేయి తప్పితే ఉలి తప్పుతుంది. చిత్రికలో కూడా ఉన్నది ఉలే. కాని అది చేతికి లోబడి ఉండదు, చిత్రిక అడుగుకు లోబడి ఉంటుంది. అడుగు నుంచి ఎంత బయటికి వస్తే అంతే కోస్తుంది. అందుచేత అడుగు ఎట్లా ఉంటే చెక్క అట్లా తయారవుతుంది. పొడవైన చదును అడుగు గుంటల మీదుగా దాటిపోతూ మిట్టలను మాత్రమే కోస్తుంది. కొంతసేపటికి పలక అద్దం వలె చదునవుతుంది. తలుపుకు కావలసినది అదే. కాని వాయులీనపు పలక చదునుగా ఉండకూడదు. దాని లోపలి పల్లంలో చదునైన అడుగును పెడితే రెండు కొసలూ అంచులకు తగిలి, ఉలి గాలిలో వేలాడుతుంది. అడుగు ముందువెనుకలకూ, ఈ పక్కకూ ఆ పక్కకూ కోడిగుడ్డు వలె గుండ్రంగా ఉండాలి. ఆ గుండ్రం పలక పల్లం కంటె బిగువైనదిగా ఉండాలి. పల్లం ఎంత ఇరుకైతే చిత్రిక అంత చిన్నదవుతుంది. కాబట్టి ఈ చిన్నతనం ముచ్చటకోసం వచ్చినది కాదు, చెక్క వంపు కొలిచి ఇచ్చినది.

వాయులీనానికి నిలయమని చెప్పుకునే ఇటలీలోని క్రెమోనా పట్టణంలో ఆంటోనియో స్ట్రాడివారీ 1737లో చనిపోయినాడు. ఆయన వాడిన చెక్క అచ్చులు, కాగితపు నమూనాలు, కొన్ని పనిముట్లు కుమారుడైన పావులో నుంచి 1775, 76 సంవత్సరాలలో కోజియో ది సాలబూయే ప్రభువు కొన్నాడు. 1920లో వాటిని జుసెప్పే ఫియొరీనీ అనే వాయులీనశిల్పి కొని, 1930లో క్రెమోనాకే దానంగా ఇచ్చినాడు. అవి నేడు అక్కడి వాయులీన ప్రదర్శనశాలలో ఉన్నవి. ఒక్క శిల్పి పనిబల్ల సామగ్రిని కాపాడటానికి ఒక ప్రభువు, ఒక శిల్పి ఇంత శ్రమపడినారు. మన వైపు వీణలు చేసిన పెద్దల పనిముట్లు ఎన్ని మిగిలివున్నవని తలచుకుంటే మనస్సు కలుక్కుమంటుంది.

వీణ మాట వచ్చినది గనుక ఒక ముక్క చెప్పి ముందుకు పోతాము. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఏకాండి వీణను ఒకే పనసమానులోంచి తొలుస్తారు. ఆ కుండ లోతైనది, గోడలు దళసరివి. అక్కడ పని బాడిసదీ ఉలిదీ. వాయులీనంలో, గిటారులో కుండ అనేది లేదు. పలుచని పలకలను పక్కచెక్కలకు అతికి పెట్టె కడతారు. పలకను విడిగా తీసి, చేతిలో పట్టుకొని, అటూ ఇటూ వంచి చూసి పలుచ చేసే అవకాశం ఉన్నందువల్లనే అక్కడ చిత్రికకు అంత ప్రాధాన్యం వచ్చినది. బాలస్వామి దీక్షితులు వంటి వారి చేతిమీదుగా కర్ణాటక సంగీతంలో ప్రవేశించి, ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వంటి వారి వల్ల తెలుగు ఇళ్ళలో సొంత వాద్యమైపోయిన వాయులీనం శరీరంలో మాత్రం ఆ పరదేశపు చిత్రిక పనే ఉన్నది.

ఇక అసలు తగాదా. జర్మనీలో శాక్సనీ దేశపు దక్షిణపు కొసన, బొహీమియా సరిహద్దులో, మార్క్‌నాయ్‌కిర్ఖెన్ అనే చిన్న ఊరు ఉన్నది. బొహీమియా నుంచి మతకారణాల వల్ల తరలివచ్చిన వాయులీనశిల్పులు పన్నెండుగురు 1677లో అక్కడ తమ శ్రేణిని స్థాపించుకున్నారు. శ్రేణి అంటే వృత్తిసంఘం. శిష్యరికం ఎన్నేళ్ళు, ఎవరు ఏ వస్తువు చేయవచ్చును, ఎవరు చేయరాదు అన్న కట్టుబాట్లన్నీ ఆ సంఘానివి. ఒక శ్రేణి వస్తువును మరొక శ్రేణివారు చేస్తే అపరాధం. మేజాలు, బీరువాలు చేసే వడ్రంగుల శ్రేణి వేరు.

పంతొమ్మిదవ శతాబ్దం ఆరంభంలో ఆరు తంతుల గిటారుకు యూరపు అంతటా గిరాకీ వచ్చినది. బీరువాలు చేసే వడ్రంగులు కొందరు గిటార్లు చేయసాగినారు. వారికి అది కష్టమైన పని కాదు. గిటారు పలక చదునైనది. చదును చేయటంలో వారికంటె నేర్పరులు ఎవరు? వాయులీనశిల్పులకు కోపం వచ్చినది. 1826లో అధికారులకు ఫిర్యాదు చేసినారు. 1832లో మళ్ళీ చేసినారు. వాద్యమన్నది కళ అనీ, సామాను చేసేవారి చేతికి దానిని వదలరాదనీ, తంతివాద్యాలు చేసే హక్కు తమదేననీ వారి వాదన. గిటారు కొత్తగా వచ్చిన వాద్యమనీ, వాయులీన శ్రేణి శాసనంలో దాని ఊసే లేదనీ, మంచి గిటార్లు చేస్తున్నది తామేననీ వడ్రంగుల వాదన.

ఈ వడ్రంగుల శ్రేణికి చెందినవాడు క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్. 1796లో ఆ ఊళ్ళోనే పుట్టినాడు. తండ్రి బీరువాల వడ్రంగి. కుమారుడు వియన్నా పోయి, ఆ కాలంలో పేరెన్నికగన్న యోహాన్ గేయోర్గ్ స్టౌఫర్ దగ్గర గిటారు నిర్మాణం నేర్చి తిరిగివచ్చినాడు. స్టౌఫర్ కర్మశాలలో పనివాళ్ళకు పెద్దగా ఉన్న మనిషి అని అతని తరఫున ఒక వర్తకుడు సాక్ష్యం కూడా చెప్పినాడు. వియన్నాలో ఎంత నేర్చినా, సొంత ఊళ్ళో అతడు పుట్టుక చేత బీరువాల వడ్రంగి. గిటారు పలక మీద చిత్రిక పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు అడ్డుపడతారన్న భయం తప్పలేదు.

తీర్పు వడ్రంగుల పక్షానే వచ్చినది. అయినా మార్టిన్ మనస్సు విరిగిపోయినది. 1833 సెప్టెంబరులో భార్యాపిల్లలతో బయలుదేరి నవంబరులో న్యూయార్కు చేరినాడు. హడ్సన్ వీథిలో అంగడి పెట్టినాడు. 1830ల చివర పెన్సిల్వేనియాలోని నాజరెత్ అనే ఊరికి మారినాడు. అక్కడ ఆ అంగడి కర్మాగారమై, ఇప్పటికీ అతని పేరుతోనే గిటార్లు చేస్తున్నది. మీదిపలక కింద బద్దలను గుణకారపు గుర్తు వలె అడ్డంగా దాటించి అతికే పద్ధతి 1840లలో అక్కడి గిటార్లలో కనబడుతుంది. నేడు లోహపు తంతుల గిటార్లలో అత్యధికం ఆ పద్ధతినే అనుసరిస్తున్నవి. మార్క్‌నాయ్‌కిర్ఖెన్ వాయులీనశిల్పులు మంచి పనివారే, సందేహం లేదు. కాని చదును పలకకూ ఉబ్బెత్తు పలకకూ మధ్య గీసిన గీతను వారు మనుషుల మధ్య గీతగా భావించినారు. అక్కడ వారు పొరబడినారని మా అభిప్రాయం.

వడ్రంగి గిటారు చేయగలడా అన్న వాదానికి మరొక సమాధానం స్పెయిను దేశం నుంచి వచ్చినది. నేటి కచేరీ గిటారుకు రూపమిచ్చిన ఆంటోనియో దె టోర్రెస్ కూడా వడ్రంగమే నేర్చినవాడు. 1817లో అల్మెరియా ప్రాంతంలో పుట్టి 1892లో చనిపోయినాడు. గిటారు నాదానికి ఆధారం మీదిపలకే అని ఆయన సిద్ధాంతం. దానిని నిరూపించటానికి 1862లో ఒక విచిత్రమైన గిటారు చేసినాడు. మీదిపలక మాత్రం మంచి చెక్క. వెనుకభాగం, పక్కలు కాగితపు గుజ్జు అట్ట. ఆ గిటారు నేడు బార్సిలోనాలోని సంగీత ప్రదర్శనశాలలో ఉన్నది. గిటారు పెట్టెలో తక్కినదంతా కాగితమైనా ఫరవాలేదని చాటి, తన పరువునంతా ఆ ఒక్క పలక మీద నిలిపినాడాయన.

ఆ పలకను పలుచ చేయటంలోని ప్రమాదం ఏమిటో లెక్క చూస్తే తెలుస్తుంది. పలక వంగకుండా నిలిచే బిగువు మందానికి ఘనంగా మారుతుంది. 3 మిల్లీమీటర్ల పలకను 2.7కు దించినామనుకొనండి. మందంలో పోయినది పదోవంతు మాత్రమే; బిగువులో పోయినది నాలుగోవంతుకు పైగా. చక్కగా నూరిన చిన్న చిత్రిక ఒక్క తోపుకు 0.05 మిల్లీమీటరు పొర తీస్తుంది. అంటే ఆరు తోపులలో పలక స్వభావమే మారిపోతుంది. తక్కువ తీస్తే పలక మూగగా ఉంటుంది. ఎక్కువ తీస్తే తంతుల లాగుడుకు ఉబ్బి కుంగిపోతుంది. తీసిన పొరను మళ్ళీ అతికే ఉపాయం లేదు. కనుక శిల్పికి ఎక్కువ చెక్క తీసే పనిముట్టు కాదు, తాను అనుకున్నచోట అనుకున్నంతే తీసి ఆగే పనిముట్టు కావలసివచ్చినది. చదును గిటారు చేసేవాడికి సైతం చిన్న చిత్రిక అవసరమైనది ఇక్కడనే. పెద్ద చిత్రికతో పలకను సరిచేసినాక అంచుల దగ్గర కొంచెం పలుచ చేయటానికి, లోపల అతికిన బద్దల కొసలను ఏటవాలుగా తగ్గించటానికి పెద్దది పనికిరాదు.

చెక్క ఒడలు పోయి ఇనుప ఒడలు రావటం అమెరికాలో జోరుగా సాగినది. పోతపోసిన ఇనుముతో చిత్రిక చేసే పద్ధతికి హేజర్డ్ నోల్స్ 1827లో పేటెంటు పొందినాడు. ఉలిని సుత్తితో తట్టి సరిచేసే బాధ తప్పించి, మర తిప్పి సరిచేసే ఏర్పాటును లెనర్డ్ బెయిలీ రూపొందించినాడు. ఆయన హక్కులను 1869లో కనెక్టికట్ రాష్ట్రంలోని స్టాన్లీ కంపెనీ కొన్నది. ఆ కంపెనీ జాబితాలో 101వ సంఖ్య గల చిత్రిక ఒకటి ఉండేది. పొడవు మూడున్నర అంగుళాలు. బాలుర పనిముట్ల పెట్టెలలో ఆటవస్తువుగా అమ్మినది. వాద్యశిల్పులు దానిని పిల్లల చేతిలోంచి తీసుకొని తమ బల్ల మీద పెట్టుకున్నారు. ఆ తరువాత అదే ఒడలికి అడుగు గుండ్రంగా చేసిన రకం కూడా వచ్చినది. ఈనాడు పెద్ద వెల పెట్టి కొనే అందమైన చిన్న చిత్రికలలో చాలవాటికి మూలపురుషుడు ఆ ఆటవస్తువే. ఇది మాకు ఎప్పుడు తలచుకున్నా నవ్వు తెప్పించే విషయం.

మార్క్‌నాయ్‌కిర్ఖెన్‌లో విడదీసిన రెండు పద్ధతులు అమెరికాలోనే మళ్ళీ కలిసినవి. మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ పట్టణంలో ఆర్విల్ గిబ్సన్ వాయులీనం వలె ఉబ్బెత్తుగా చెక్కిన పలకలతో మాండొలిన్లు, గిటార్లు చేసి 1898లో పేటెంటు పొందినాడు. ఆయన పేరు మీద 1902లో వెలసిన కంపెనీ 1922లో వాయులీనపు రంధ్రాలవంటి రంధ్రాలతో ఎల్-5 అనే గిటారును తెచ్చినది. విశ్వమోహన్ భట్ గారి మోహన వీణ ఈ ఉబ్బెత్తు గిటారు జాతినుంచి రూపొందినదే. ఈ జాతి గిటార్లతో గుండ్రని అడుగు చిత్రిక గిటారుశిల్పి బల్ల మీదికి కూడా చేరినది. పాత పనిముట్ల మీద ఆదరం మళ్ళీ పెరిగి, 1981లో మెయిన్ రాష్ట్రంలో లై-నీల్సన్ అనే సంస్థ మొదలైనప్పుడు అది చేసిన మొదటి వస్తువు కూడా, పలక అంచులు సరిచేయటానికి స్టాన్లీ వెనుక చేసిన ఒక చిన్న చిత్రికకు ప్రతిరూపమే.

ఇప్పుడు ఒక యువకుడు గిటారు చేయాలని ఉబలాటపడి, ఏ చిత్రిక కొనమంటారని మమ్మల్ని అడిగితే, నీ పలక చదునా ఉబ్బెత్తా అని ముందు అడుగుతాము. చదునైతే గుండ్రని అడుగుతో నిమిత్తం లేదు. ఆరు అంగుళాల చదును అడుగుది ఒకటి, బద్దల కోసం మూడున్నర అంగుళాలది ఒకటి చాలును. ఉబ్బెత్తు పలక తలపెట్టినవాడు మాత్రం గుండ్రనివి రెండు మూడు కొలతలలో కొనక తప్పదు.

తరువాత ఉలి వాటం. మామూలు పెద్ద చిత్రికలో ఉలి 45 డిగ్రీల వాటంలో, నూరిన వైపు కిందికి ఉంటుంది. ఆరు అంగుళాల రకాలలో అది 20 డిగ్రీలలోనో 12 డిగ్రీలలోనో పడుకొని, నూరిన వైపు పైకి ఉంటుంది. 12 డిగ్రీల దానిలో ఉలిని 25 డిగ్రీలకు నూరితే కోత కోణం 37 అవుతుంది. చెక్క కొసలు కోయటానికి అది హాయిగా ఉంటుంది. అదే చిత్రికలో 38 డిగ్రీలకు నూరిన మరొక ఉలిని పెడితే కోణం 50కి చేరుతుంది. నార అటూ ఇటూ మెలికలు తిరిగిన మేపుల్, రోజ్‌వుడ్ వంటి గట్టి చెక్కల మీద తక్కువ కోణం నారను పెళ్ళగిస్తుంది, ఎక్కువ కోణం అణచి కోస్తుంది. రెండు చిత్రికలు కొనే బదులు రెండు ఉలులు ఉంచుకోవటం మేలు. మరీ మొండి చెక్కకు రంపపు పళ్ళవంటి గాట్లున్న ఉలి వాడి, ఆ గీతలను రేకుతో గీకి తీసేస్తారు. ఉలి ముందున్న నోరు వెంట్రుకవాసి సందుకు మించరాదు. నోరు వెడల్పైతే నార లేస్తుంది.

కొనేటప్పుడు మెరుగుకు లోబడవద్దు. మేము ఒకసారి ఒక అంగట్లో అరచేతిలో పట్టే ఇత్తడి చిత్రికను చూసి మురిసి కొన్నాము. బంగారం వలె మెరిసినది. ఇంటికి తెచ్చి అడుగున ఉక్కు బద్ద పెట్టి వెలుతురుకు పట్టి చూస్తే నడుమ ఉబ్బు! చదును చిత్రికకు కడుపు ఉంటే అది చెక్క మీద ఉయ్యాల ఊగుతుంది. దళసరి అద్దం మీద ఉప్పుకాగితం పరచి రెండు సాయంకాలాలు రుద్దవలసివచ్చినది. మెరుగంతా పోయినది, పొర మాత్రం రావటం మొదలుపెట్టినది. అప్పటినుంచి ఉక్కు బద్దను జేబులో పెట్టుకొని అంగడికి పోతున్నాము.

అడుగు కుదిరి, ఉలి పదునెక్కినాక మిగిలినది చెవి పని. శిల్పి నాలుగు పొరలు తీసి చిత్రికను పక్కన పెడతాడు. పలకను అంచుదగ్గర రెండు వేళ్ళతో తేలికగా పట్టుకొని, రెండవ చేతి వేలి కణుపుతో నడుమ తడతాడు. మోత ఇంకా పొట్టిగా ఉంటే మళ్ళీ చిత్రిక అందుకుంటాడు. ఎక్కడ మోత సాగిందో అక్కడ ఇక తీయడు.